విద్యుత్తుకు శ్రుతి కలిపిన నికోలా టెస్లా

టెస్లా అంటే మనలో చాలామందికి ఒక యూనిట్ మాత్రమే. అయస్కాంత అభివాహ సాంద్రతకు ప్రమాణం టెస్లా అని పరీక్షలో రాసి మార్కు తెచ్చుకుంటాం. ఆ పేరు వెనకాల ఉన్న మనిషి గురించి నేను చదివింది ఈ ఏడాది ఇద్దరు మిత్రులతో కలిసి టెస్లా కాయిల్ తయారు చేయడానికి పూనుకున్న తరువాతే.

ఆయన 1856 జులై 10న, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో, నేటి క్రొయేషియాలో ఉన్న స్మిల్యాన్ అనే పల్లెలో ఒక సెర్బు కుటుంబంలో జన్మించాడు. తండ్రి చర్చి పురోహితుడు. తల్లికి చదువు రాదు, కానీ ఇంటికి కావలసిన పనిముట్లు తన చేత్తోనే చేసుకునేది. గ్రాజ్ పట్టణంలో ఇంజనీరింగు చదువుతూ టెస్లా డైనమో బ్రష్షుల దగ్గర రేగే నిప్పురవ్వలు చూశాడు. బ్రష్షులే లేని మోటారు చేయలేమా అన్న ఆలోచన ఆయన్ను వదలలేదు. డిగ్రీ పూర్తి కాలేదు గాని, 1882లో బుడాపెస్టులో ఆ ఆలోచనకు జవాబు దొరికింది. అదే తిరిగే అయస్కాంత క్షేత్రం.

1884లో అమెరికా చేరి ఎడిసన్ సంస్థలో కొన్ని నెలలు పనిచేసి బయటికొచ్చాడు. చేతిలో పని లేక గోతులు తవ్విన రోజులూ ఉన్నాయి. 1888లో ఆయన ఏసీ మోటారు పేటెంట్లను వెస్టింగ్‌హౌస్ తీసుకున్నాడు. 1896లో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బఫెలో నగరానికి చేరింది. ఇటలీలో ఫెరారిస్ కూడా ఇదే సూత్రాన్ని విడిగా కనుక్కున్నాడు. తరువాత ఇతర ఇంజనీర్లు మోటారుకు మెరుగులు దిద్దారు.

రైతు బిడ్డనైన నాకు ఇది పుస్తకాల సంగతి కాదు. త్రీఫేజు కరెంటు ఏ అర్ధరాత్రి వస్తే ఆ అర్ధరాత్రి మా నాన్న లాంతరు పట్టుకుని బావి దగ్గరికి పోయేవాడు. బురదలో, తేమలో ఆ మోటారు ఏళ్ళ తరబడి తిరిగిందంటే అందులో అరిగిపోయే బ్రష్షులు లేకపోవడం ఒక కారణం.

ఇక కాయిల్ సంగతి. 1891లో టెస్లా రూపొందించిన ఈ పరికరంలో రెండు వలయాలుంటాయి. ప్రైమరీలో లావు రాగితీగ కొద్ది చుట్లు, ఒక కెపాసిటర్, ఒక స్పార్క్ గ్యాప్. సెకండరీలో సన్నటి ఎనామిల్ తీగ వందల చుట్లు, పైన ఒక లోహపు గుండు. కెపాసిటర్ నిండగానే గ్యాప్‌లో నిప్పురవ్వ దూకుతుంది. అప్పుడు ప్రైమరీలో విద్యుత్తు సెకనుకు లక్షలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. సెకండరీ సహజ పౌనఃపున్యం కూడా అదే అయితేనే శక్తి అందులోకి బాగా ప్రవహిస్తుంది. అట్లతద్దినాడు ఉయ్యాల ఊపినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. అదను చూసి తోస్తే చిన్న తోపు చాలు, అదను తప్పితే ఎంత బలమైనా వృథా.

మేం మూడంగుళాల పి.వి.సి. గొట్టం మీద 800 చుట్లు చుట్టాం. లెక్క వేస్తే పౌనఃపున్యం సుమారు 450 కిలోహెర్ట్జ్ వచ్చింది. ప్రైమరీ మీద క్లిప్పును కొంచెం కొంచెంగా జరుపుతూ నిప్పురవ్వ ఎక్కడ పొడుగవుతుందో చూడాలి. ఆరో చుట్టు దగ్గర చిటపటలు తప్ప ఏమీ లేవు. ఎనిమిదిన్నర దగ్గర జానెడు మెరుపు లేచింది, దూరంగా పెట్టిన ట్యూబులైటు తీగ లేకుండానే వెలిగింది. పైన గుండు పెద్దది పెడితే కెపాసిటెన్సు పెరిగి పౌనఃపున్యం తగ్గుతుంది, అప్పుడు ప్రైమరీలో చుట్లు పెంచాలి. గాలిలో పాకే మెరుపు కూడా కాస్త కెపాసిటెన్సు కలుపుతుంది గనుక లెక్కకన్నా కొంచెం ఎక్కువే పెట్టుకోవాలి. క్లిప్పు జరిపే ప్రతిసారీ మెయిన్ ఆపి, కెపాసిటర్‌ను డిశ్చార్జి చేయాలి. ప్రైమరీ వైపు వేల వోల్టులు ప్రాణం తీస్తాయి. లెక్చరరు గారు పక్కన లేకుండా మేం స్విచ్చి వేయలేదు.

ఇదే శ్రుతిని టెస్లా భూగోళం మొత్తానికి కలపాలనుకున్నాడు. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పెద్ద కాయిల్ కట్టి మీటర్ల పొడవు మెరుపులు పుట్టించాడు. 1901లో మోర్గాన్ ఇచ్చిన లక్షన్నర డాలర్లతో న్యూయార్క్ దగ్గర వార్డెన్‌క్లిఫ్ గోపురం మొదలుపెట్టాడు. అదే ఏడాది డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా సంకేతం పంపాడు. మోర్గాన్ మరిక డబ్బివ్వలేదు. తీగ లేకుండా ప్రపంచమంతటికీ కరెంటు పంపుతానన్న మాట నెరవేరలేదు. అందుకు డబ్బు ఒక్కటే కారణం కాదనుకుంటాను. పక్క బల్ల మీది ట్యూబులైటు వెలిగినంత తేలిగ్గా పక్క ఊరిది వెలగదు, దూరం పెరిగేకొద్దీ శక్తి చెదిరిపోతుంది. టెస్లా అంతటివాడు కోరుకున్నా ప్రకృతి తన నియమం మార్చుకోలేదు.

1917లో ఆయనకు అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంఘం ఎడిసన్ పేరిట ఉన్న పతకం ఇచ్చింది. ఆ ఏడాదే గోపురాన్ని పడగొట్టారు. 1943 జనవరి 7న న్యూయార్క్‌లో ఒక హోటలు గదిలో ఒంటరిగా కన్నుమూశాడు. 1960లో ఆయన పేరు యూనిట్ అయింది.

బి.ఎస్సీ. చదివి ఎంత సంపాదిస్తావని ఊళ్ళో నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే, ఫీజు కట్టేది పంట డబ్బుతో. టెస్లా జీవితం ఆ ప్రశ్నకు ధైర్యం చెప్పదు, ఆయన చివరికి అప్పులతోనే పోయాడు. కానీ ఆయన తిప్పిన క్షేత్రం మా చేనుకు నీళ్ళు తోడింది. ఈ రెండూ ఒకే మనిషి లెక్కలోవి. ఒకటి చూసి రెండోది మరిచిపోకూడదని నాకు అనిపిస్తుంది.