పనికి కొలత పెట్టిన దివాను

ప్రైవేటు కర్మాగారం పనితీరు సంవత్సరాంతపు లాభనష్టాల పట్టికలో తేలిపోతుంది. ప్రభుత్వ కార్యాలయానికి అటువంటి పట్టిక లేదు. కేటాయించిన సొమ్ము ఎంత, ఖర్చయినది ఎంత అన్న లెక్క దొరుకుతుంది గాని, ఆ ఖర్చుతో ప్రజలకు ఒనగూరినదేమిటో చెప్పే లెక్క అంత సులభంగా దొరకదు. ఈ లోటు తీర్చాలనే కేంద్ర ప్రభుత్వం 1954లో కార్యాలయ పద్ధతుల మెరుగుదలకు ఒక ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. 1968-69 నుంచి కార్యసాధన బడ్జెట్లనూ, 2005-06 నుంచి ఫలితాల బడ్జెట్లనూ ప్రవేశపెట్టింది. అయితే ఈ ప్రయత్నాలన్నింటికీ దశాబ్దాల ముందే ఒక స్వదేశ సంస్థానంలో ఇదే ప్రశ్న వేసి, దానికి జవాబు రాబట్టేందుకు యంత్రాంగాన్ని సిద్ధం చేసిన పాలకుడు ఒకరున్నారు. ఆయన మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

జనసామాన్యానికి ఆయన ఆనకట్టల ఇంజనీరుగానే పరిచయం. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినంగా జరుపుకుంటుంది. సభల్లో ఆయన నిజాయితీని గురించిన కథలు వినిపిస్తాయి. సర్కారు పనికి సర్కారు కొవ్వొత్తి, సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్న కథ వాటిలో ఒకటి. ఈ కథల సందడిలో ఆయన చేసిన అసలు పని మరుగున పడింది. ప్రభుత్వ శాఖ ఏదైనా సరే, అది చేసే పనిని కొలవవచ్చుననీ, కొలిస్తేనే మెరుగుపరచవచ్చుననీ ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్ని ఆరేళ్లపాటు ఒక రాజ్యమంతటా అమలుచేసి చూశారు.

1861లో నేటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం సమీపాన గల ముద్దేనహళ్లిలో ఆయన జన్మించారు. పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుంచి వలసవెళ్లిన తెలుగువారు. ఇంటిపేరు ఆ ఊరిదే. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, బెంగుళూరులో మేనమామ అండన, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రులైనారు. మైసూరు ప్రభుత్వ ఉపకార వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

కొలత మీద ఆయనకు గురి కుదిరింది కాలువ గట్ల మీదనే. ఒక క్యూసెక్కు నీటితో పంట కాలమంతా ఎన్ని ఎకరాలు తడిశాయన్న లెక్కను ఇంజనీర్లు నీటి డ్యూటీ అంటారు. దక్కను ప్రాంతపు కాలువల కింద ఈ లెక్క దయనీయంగా ఉండేది. కాలువ తలాపున ఉన్న కొద్దిమంది చెరకు రైతులు అవసరానికి మించి నీరు పెట్టేవారు. ఆ పొలాలు చౌడుబారి, పరిసర గ్రామాల్లో మలేరియా ప్రబలేది. దిగువ గ్రామాలకు నీరు అందేదే కాదు. శాఖ మాత్రం కాలువ పారుతున్నదన్న తృప్తితో ఉండేది. 1899 ప్రాంతంలో విశ్వేశ్వరయ్య ప్రతిపాదించిన బ్లాకు పద్ధతి ఈ వ్యవహారాన్ని తలకిందులు చేసింది. ఊరి భూములను బ్లాకులుగా విభజించి, బ్లాకులో మూడోవంతు భాగానికి మాత్రమే ఏటా చెరకు నీరు ఇచ్చి, మూడేళ్లలో ఆ వంతును అన్ని భూములకూ తిప్పడం, మిగిలిన భాగంలో తక్కువ నీటి పంటలు వేయించడం ఇందులోని కిటుకు. నీరు పెరగలేదు, కాలువా పెరగలేదు. లబ్ధి పొందే గ్రామాల సంఖ్య పెరిగింది. మొదట అనుమానించిన రైతులను ఆయన స్వయంగా కలుసుకుని ఒప్పించవలసి వచ్చింది.

1903లో పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక గేట్లను అమర్చడంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నీటి నిల్వ మట్టం సుమారు 8 అడుగులు పెరిగింది. నీరు హద్దు దాటగానే గేట్లు తమంతట తామే తెరుచుకునేవి, వరద తగ్గగానే మూసుకునేవి. ఉన్న ఆస్తితోనే ఎక్కువ ఫలితం రాబట్టడాన్ని ఇవాళ ఉత్పాదకత అంటున్నారు. ఆ మాట ప్రభుత్వ పత్రాల్లోకి ఇంకా రాని రోజులవి.

సర్వీసులో తనకంటే సీనియర్లయిన పలువురిని దాటి పదోన్నతులు పొందినా, చీఫ్ ఇంజనీరు పదవి ఆ రోజుల్లో భారతీయునికి దక్కేది కాదు. 1908లో ఆయన స్వచ్ఛందంగా తప్పుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. విదేశ పర్యటనలో ఉన్న ఆయనను నిజాం ప్రభుత్వం పిలిపించింది. 1909లో హైదరాబాదు వచ్చిన ఆయన గోడలు కట్టించడంతో మొదలుపెట్టలేదు. వర్షపాతపు లెక్కలు, వరద మట్టాలు, ఎగువన తెగిన చెరువుల వివరాలు సేకరించారు. పరీవాహక ప్రాంతంలోని వందలాది చెరువుల్లో రెండు వందలకు పైగా గండ్లు పడినట్లు తేలింది. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు నిర్మించి వరదను అక్కడే నిలువరించాలని ఆయన ఇచ్చిన నివేదిక ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. జంటనగరాలకు తాగునీరు అందించి, తరతరాల దాహం తీర్చిన చెరువులవి.

అదే 1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరు బాధ్యత చేపట్టారు. కావేరిపై కృష్ణరాజసాగర్ నిర్మాణం 1911లో ప్రారంభమైంది. ఆ ఏడాదే ఆయన ప్రోద్బలంతో మైసూరు ఆర్థిక మహాసభ ఏర్పడింది. వ్యవసాయం, విద్య, పరిశ్రమలు-వాణిజ్యం అనే మూడు రంగాలకు ఉపసంఘాలు నియమించి, అధికారులనూ వర్తకులనూ రైతు ప్రముఖులనూ ఒకచోట కూర్చోబెట్టింది ఈ సభ. 1912 నవంబరులో మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు ఆయనను దివానుగా నియమించారు. రాజ్యపాలన ఒక ఇంజనీరు చేతికి వచ్చింది.

దివాను కచేరీలో కనిపించిన పరిస్థితి కాలువ గట్టు మీది పరిస్థితికి భిన్నం కాదు. దస్త్రాలు నిత్యం కదులుతూనే ఉండేవి. ఏ దస్త్రం ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఆగిందో, చివరికి అర్జీదారుకు ఏం దక్కిందో ఎవరూ లెక్కించేవారు కాదు. విశ్వేశ్వరయ్య సమర్థతా తనిఖీ అనే కొత్త విధానాన్ని ప్రవేశపెట్టారు. జమాఖర్చుల తనిఖీదారు ప్రతి రూపాయీ నిబంధన ప్రకారం ఖర్చయిందా అని చూస్తాడు. ఆ రూపాయితో చేయవలసిన పని చేశారా, సకాలంలో చేశారా, అంతకంటే సులువైన దారి ఉన్నదా అన్నవి సమర్థతా తనిఖీ అడిగే ప్రశ్నలు. కార్యాలయాలకు పని నియమావళులు తయారుచేయించారు. దస్త్రాల నడకలో అనవసరమైన మెట్లను తొలగించే ప్రయత్నం జరిగింది. అధికారులు ముందుగా పని కార్యక్రమం వేసుకోవాలి, గడువు ముగిశాక సాధించినదెంతో చూపాలి. గుమాస్తాలకు శిక్షణ, పరీక్షలు, కార్యాలయాల ఆకస్మిక పరిశీలన ఇందులో భాగాలే.

ఇది కాగితాలకే పరిమితమైన సంస్కరణ కాదనడానికి విద్యాశాఖ ఒక నిదర్శనం. ఆయన దివానుగా వచ్చేనాటికి సంస్థానంలో సుమారు 4,500 పాఠశాలలు ఉండగా, ఆరేళ్లలో మరో 6,500 దాకా వెలిశాయి. విద్యార్థుల సంఖ్య సుమారు 1,40,000 నుంచి 3,66,000కు చేరింది. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. యుద్ధం వల్ల జర్మనీకి గంధపుచెక్క ఎగుమతి నిలిచిపోతే, ప్రభుత్వమే గంధపునూనె తీసే కర్మాగారాన్ని స్థాపించింది. శాసన సభ సభ్యుల సంఖ్య పెంచి, బడ్జెట్టుపై చర్చించే అవకాశం కల్పించారు. ప్రజాప్రతినిధి సభ ఏడాదికి రెండుసార్లు సమావేశమయ్యే ఏర్పాటు జరిగింది. ఏటా రెండుసార్లు సభ ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసి రావడం కూడా అధికారులకు ఒక కొలతే.

అయితే ఆ సభకు ప్రభుత్వాన్ని దించే అధికారం లేదు. కొలిచేదీ ప్రభుత్వమే, కొలవబడేదీ ప్రభుత్వమే. సమర్థతా తనిఖీలోని ఈ బలహీనత ఒకటైతే, దానికంటే లోతైనది మరొకటి ఆయన పదవినే హరించింది.

సంస్థానంలోని ఉద్యోగాల్లో సింహభాగం అప్పటికి బ్రాహ్మణులదే. 1917లో ప్రజామిత్ర మండలి ఏర్పడి, ఇతర వర్గాలకు న్యాయమైన వాటా కావాలని ఆందోళన ప్రారంభించింది. మహారాజు ఈ డిమాండులో న్యాయం ఉన్నదని భావించి, 1918లో ప్రధాన న్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన సంఘాన్ని నియమించారు. తాను కూడా బ్రాహ్మణుడైన విశ్వేశ్వరయ్య ఇందుకు సమ్మతించలేదు. ప్రతిభ ఒక్కటే ప్రాతిపదిక కావాలనీ, వాటాలు పెడితే పాలనా సామర్థ్యం దెబ్బతింటుందనీ, వెనుకబడిన వర్గాలకు ముందు చదువు విరివిగా అందించాలనీ ఆయన వాదం. ఆయన కాలంలో బడులు రెట్టింపునకు మించడం ఆ వాదంలోని చిత్తశుద్ధికి సాక్ష్యం. కాని బడిలో చేరిన పిల్లవాడు కచేరీ మెట్లెక్కేదాకా ఒక తరం గడిచిపోతుంది. అంతవరకు అర్జీ పట్టుకువచ్చే రైతుకు బల్ల అవతల తనవాడు ఒక్కడూ కనిపించడు. దస్త్రం ఎంత వేగంగా కదిలిందన్నది కొలిచిన దివాను, అది ఎవరి కోసం కదులుతున్నదన్న ప్రశ్నను తన కొలతలో చేర్చలేదు. ఆ ప్రశ్న కూడా సామర్థ్యంలో భాగమేనన్నది ఆయన ప్రత్యర్థుల పక్షాన నిలిచే వాదం, కాలం దానినే బలపరిచింది. 1918 చివర ఆయన పదవి వదులుకున్నారు. 1919లో వచ్చిన మిల్లర్ సంఘం నివేదిక వెనుకబడిన వర్గాలకు ఏడేళ్లలో ఉన్నతోద్యోగాల్లో సగం, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు దక్కాలని సిఫారసు చేసింది.

భద్రావతి ఇనుప కర్మాగారం ఆయనను మళ్లీ మైసూరుకు రప్పించింది. ఆయన కాలంలోనే తలపెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ 1923లో పని ప్రారంభించేసరికి యుద్ధానంతరం ఇనుము ధర పడిపోయింది. నష్టాలు చూసి మూసివేయాలన్న మాట వచ్చింది. నిర్వాహక మండలి అధ్యక్షులుగా బాధ్యత తీసుకున్న విశ్వేశ్వరయ్య 1929 వరకు అక్కడ కొనసాగారు. ఖర్చు ఏ మెట్టులో ఎంత పెరుగుతున్నదో విడదీసి చూశారు. భారీ జీతాల విదేశీ నిపుణుల స్థానంలో స్థానికులకు శిక్షణ ఇచ్చి నిలబెట్టారు. బొగ్గు లేని చోట అడవి కట్టెతో చేసిన ఆ ఇనుముకు విదేశీ మార్కెట్లు వెతికారు. సర్కారు సంస్థ గనుక నష్టం సహజమన్న మాటను ఆయన ఏనాడూ అంగీకరించలేదు. ఆ సేవలకు తనకు రావలసిన జీతపు బకాయిని ఒక వృత్తి విద్యాలయానికి ఇచ్చివేశారు. తన పేరు పెట్టవద్దనడంతో అది జయచామరాజేంద్ర వృత్తి విద్యాసంస్థగా బెంగుళూరులో వెలిసింది. భద్రావతి కర్మాగారం తరువాత ఆయన పేరుతోనే కొనసాగి, 1998లో సెయిల్‌లో విలీనమైంది. నష్టాలు, మూసివేత అన్న మాటలు మాత్రం దానిని వదలలేదు.

ఇదే కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం కూడా తన పనులు గాడి తప్పినప్పుడు ఆయనను పిలిచేది. 1922లో కొత్త ఢిల్లీ నిర్మాణ పనుల విచారణ సంఘానికి ఆయన అధ్యక్షులు. 1926లో బొంబాయి బ్యాక్‌బే సముద్ర పూడిక పథకంపై నియమించిన విచారణ సంఘంలో సభ్యులు. తవ్వోడ అంచనా వేసినంత మట్టి తోడలేకపోవడం, ఖర్చు అంచనాలను మించిపోవడం ఆ పథకాన్ని దేశవ్యాప్త వివాదం చేశాయి.

1925లో ఆయన అధ్యక్షతన పనిచేసిన భారత ఆర్థిక విచారణ సంఘం నివేదికకు మాత్రం రావలసినంత పేరు రాలేదు. ప్రజల ఆదాయం, ఉత్పత్తి, జీవన పరిస్థితులకు సంబంధించి ప్రభుత్వం దగ్గర ఉన్న అంకెలు పాలనకు చాలవని సంఘం తేల్చింది. గణాంకాల సేకరణకు ప్రత్యేక చట్టం, కేంద్రస్థాయిలో ఒక గణాంక వ్యవస్థ కావాలని సిఫారసు చేసింది. పాలకులు దానిని పక్కన పెట్టారు. తన ఫలితాలను కొలిచే పనిముట్టును తన చేతితో తయారు చేసుకోవడానికి వలస ప్రభుత్వం తొందరపడకపోవడంలో వింతేమీ లేదు. 1934లో ఆయన వెలువరించిన ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ గ్రంథంలో దేశాభివృద్ధికి పదేళ్ల ప్రణాళికను ప్రతిపాదించారు. 1950లో జాతీయ నమూనా సర్వే, 1951లో కేంద్ర గణాంక సంస్థ ఏర్పడ్డాయి. గణాంకాల సేకరణ చట్టం 1953లో వచ్చింది. ఆ నివేదిక వెలువడి అప్పటికి 28 ఏళ్లు. దాని కర్త తొంభై దాటి జీవించి ఉన్నారు. 1955లో ఆయనకు భారతరత్న లభించింది. నూరేళ్లు నిండిన తరువాత 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగాయి.