ఉరిశిక్ష పడిన మనిషి ఎంపీ అయ్యారు

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకు మన్యం తిరుగుబాటు అనగానే అల్లూరి సీతారామరాజు, 1922, చింతపల్లి స్టేషన్ గుర్తొస్తాయి. గాం మల్లుదొర పేరు అనుచరుల లిస్టులో అలా వచ్చి ఇలా వెళ్లిపోతుంది. కానీ ఆయన కథ తిరుగుబాటుతో అయిపోలేదు.

మల్లుదొర, ఆయన అన్న గంటందొర గూడెం కొండల గిరిజనులు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక తాతల నాటి పోడు సాగుకే ఆంక్షలు మొదలయ్యాయి. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి గిరిజనుల చేత అరకొర కూలికి చాకిరీ చేయించాడు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గంటందొరకు అతనితో గొడవై పదవీ పోయింది, భూమీ పోయింది. చాలా గైడ్లు ఈ ముక్క వదిలేసి నేరుగా దాడుల దగ్గరికి వెళ్లిపోతాయి. నా మటుకు నాకు అసలు కథ మొదలైంది ఇక్కడే.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు, 26 తుపాకులు. అన్నదమ్ములిద్దరూ రాజు దళంలో ముందు వరుసలో ఉన్నారు. 1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయారు. 1924 మే 7న రాజును కాల్చి చంపారు, తర్వాతి నెలలో గంటందొర కూడా నేలకొరిగారు. మల్లుదొరకు కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత అది యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్షగా మారి, అండమాన్‌కు పంపారు. అక్కడ ఏళ్లకు ఏళ్లు గడిపి తిరిగొచ్చారు.

1952లో తొలి లోక్‌సభ ఎన్నికలు. అప్పట్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం. అంటే ఒకే చోటి నుంచి ఇద్దరు ఎంపీలు, ఒకటి జనరల్ సీటు, రెండోది గిరిజనులకు రిజర్వు. బ్యాలెట్ మీద గుర్తు చూసి ముద్ర వేసే పద్ధతి ఇంకా రాలేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చదువు రాని ఓటరు కూడా తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావొచ్చు. జనరల్ సీటు లంకా సుందరం గెలిచారు, రిజర్వు సీటు మల్లుదొర గెలిచారు. ఇద్దరూ ఇండిపెండెంట్లే! కాంగ్రెస్ గాలి వీస్తున్న రోజుల్లో పార్టీ అండ లేకుండా గెలవడం చిన్న విషయం కాదు. అడవి మీద హక్కు అడిగినందుకు శిక్ష పడిన మనిషి, చట్టాలు చేసే సభలో 1957 దాకా సభ్యుడు.

ఆ ద్విసభ్య పద్ధతిని 1961లో రద్దు చేశారు. ఇప్పుడు చింతపల్లి ఓటర్లు ఎన్నుకునేది అరకు ఎంపీని. ఆ సీటుకు మొదటిసారి ఎన్నిక జరిగింది 2009లో.