ఒక్క విజయము

నాటి వీరులు ఘనులా, నేటివారు ఘనులా యను వాదము ప్రతి క్రీడయందును కలదు. అమెరికాలో నాస్కార్ కారు పందెములందు రిచర్డ్ పెట్టీ 200 విజయములు పొందెను. వెండెల్ స్కాట్ పొందినది ఒక్కటియే. మేము ఆ ఒక్కదానిని గూర్చియే చెప్పదలచితిమి.

స్కాట్ 1921లో వర్జీనియా రాష్ట్రమందలి డాన్‌విల్ పట్టణమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికవాహనములను బాగుచేసెను. పిదప పందెములలో ప్రవేశించెను. తెల్లవారి మైదానములందు ఆతనికి అవమానములు తప్పవయ్యెను. ధనమిచ్చి నిలబెట్టువారు అరుదు. పాతకార్లను కొని, కుమారుల తోడ్పాటుతో తానే మరమ్మతు చేసికొని, తానే నడపెడివాడు.

1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆతడే గెలిచెను. కాని అధికారులు బక్ బేకరును విజేతగా ప్రకటించిరి. ప్రేక్షకులు వెడలిపోయిన పిమ్మట లెక్క తప్పెనని ఒప్పుకొనిరి. ఆనాటి కప్పు మాత్రము ఆతని చేతికి రాదయ్యెను. 1973లో టల్లడేగా ప్రమాదమున తీవ్రముగా గాయపడిన తరువాత పందెములు విడువవలసివచ్చెను. 1990లో మరణించెను. 2021లో ఆతని కుటుంబమునకు కప్పు నొసగిరి. ఆ యేటనే బబ్బా వాలెస్ గెలిచి, ఆ ప్రధానశ్రేణిలో విజయము పొందిన రెండవ నల్లజాతి చోదకుడయ్యెను. నడుమ గడచినవి 58 సంవత్సరములు!

నేటి చోదకునకు ఇంజనీర్లును, క్షణములలో టైర్లు మార్చు బృందమును కలరు. వారి నైపుణ్యము తక్కువదని మేమనము. బాలబాలికలారా! ఎవరెన్ని గెలిచిరని లెక్కించునప్పుడు, ఎవరెచ్చటనుండి బయలుదేరిరో కూడ లెక్కింపుడు.