ఆకుల నాడి చూసిన డాక్టరు

జోధ్‌పూర్, బాడ్మేర్ వైపు చదువుకుంటున్న పిల్లలకు బాజ్రా రొట్టె కొత్త కాదు. బాజ్రా అంటే మన సజ్జే. వాన అంతంతమాత్రంగా పడే ఇసుక నేలల్లోనూ పండి, ఎడారి జిల్లాల వాళ్ల కడుపు నింపే పైరు అది. దానికొక పాడు జబ్బు ఉంది. మొదట ఆకులు పాలిపోతాయి. మంచు పట్టిన ఉదయాన ఆకు అడుగున పిండి చల్లినట్టు తెల్లటి బూజు కనిపిస్తుంది. తర్వాత కంకిలో గింజలకు బదులు చిట్టి ఆకులు పుట్టుకొచ్చి, కంకి కాస్తా చీపురులా తయారవుతుంది. మన రైతులు దీన్ని వెర్రికంకి తెగులు అంటారు. చూసేవాళ్లకు అవి రెండు వేర్వేరు జబ్బులు అనిపిస్తాయి గాని రెండూ ఒకే జీవి చేసే పని. ఈ తెగులు గురించి మన దేశంలో 1907లోనే వివరంగా రాసినవారు ఎడ్విన్ జాన్ బట్లర్.

ఆయన 1874లో ఐర్లండ్‌లోని కిల్కీలో పుట్టారు. చదివింది వైద్యం. పట్టా చేతికొచ్చాక మనుషుల జబ్బులు వదిలి మొక్కల జబ్బుల వైపు వెళ్లారు. 1901లో కలకత్తాలో ఉద్యోగం, మరుసటి ఏడు డెహ్రాడూన్, 1905లో బీహార్‌లోని పూసా. బదిలీల సంగతి మీకు వేరే చెప్పాలా!

పూసాలో ఆయన జబ్బుపడిన ఆకులను భద్రపరిచే హెర్బేరియం మొదలుపెట్టారు. ఆకును ఎండబెట్టి, కాగితం పొట్లంలో ఉంచి, ఏ మొక్క, ఏ ఊరు, ఏ తేదీ అని రాసిపెట్టాలి. ఇక శిలీంధ్రాన్ని పోల్చుకోవడం సూక్ష్మదర్శిని పని. సిద్ధబీజాల ఆకారం ఏమిటి, కొలత ఎంత, గోడ పలుచనా మందమా, కాడ ఎలా చీలింది? సజ్జ ఆకు ఎండి చీలికలైనప్పుడు అందులో మందపాటి గోడలున్న సిద్ధబీజాలు మిగులుతాయి. అవి నేలలో చేరి తర్వాతి పంట కోసం కాచుకుని ఉంటాయి.

ఆ రోజుల్లోనే గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్లి చచ్చిపోతున్నాయి. తాటికి మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టే పోతుంది. కల్లు, బెల్లం, ఇంటి కప్పు, అన్నీ దానితోనే పోతాయి. కారణమైన జీవికి బట్లర్ 1907లో పిథియం పామివోరం అని పేరు పెట్టారు. 1919లో తానే దాన్ని ఫైటోఫ్తోరా అనే ప్రజాతిలోకి మార్చారు. శాస్త్రవేత్తలలో నాకు నచ్చే గుణం ఇది. పేరు పెట్టినవాడే ఆ పేరు మార్చడం చిన్న విషయం కాదు.

1918లో మొక్కల జబ్బుల మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. 1920లో ఇంగ్లండ్‌లోని క్యూలో కొత్తగా పెట్టిన శిలీంధ్ర సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. 1943లో కన్నుమూశారు.

1934 బీహార్ భూకంపంలో పూసా భవనం దెబ్బతినడంతో సంస్థ 1936లో ఢిల్లీకి తరలింది. ఆకుల పొట్లాలకూ బదిలీ తప్పలేదు! అవి నేటికీ అక్కడ ఉన్నాయి. సజ్జను, తాటిని పీడించిన ఆ రెండు జీవులనూ ఇప్పుడు అసలు శిలీంధ్రాల్లోనే చేర్చడం లేదు. వాటి చుట్టరికం గోధుమరంగు సముద్రపు నాచుతో అని తేలింది. ఇలా పేరు మారితే హెర్బేరియంలో పాత చీటీ చింపరు. దాని పక్కనే కొత్త చీటీ అతికిస్తారు.