గూఢలిపి గుట్టు విప్పిన అల్ కిందీ

సర్వరు నిర్వాహకుడు ఆదేశం టైపు చేసి భద్రతా ప్యాకేజీని తెప్పించుకొన్నపుడు, యంత్రం ముందుగా దాని డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. ఆ సంతకానికి ఆధారం గూఢలిపి శాస్త్రం. అందులో తొలి పరీక్షకులలో ఒకరైన అల్ కిందీని మేము ఇక్కడ స్మరిస్తున్నాము.

సుమారు 801లో కూఫాలో జన్మించిన ఈ తత్త్వవేత్త, బాగ్దాదులో ఖలీఫాలు మామూన్, ముతసిమ్‌ల ఆదరణ పొందారు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు తరచుగా, కొన్ని అరుదుగా వస్తాయి. గూఢలేఖలోని గుర్తులను లెక్కించి ఆ క్రమంతో పోల్చితే రహస్యం బయటపడుతుందని ఆయన నిరూపించారు. ముతవక్కిల్ కాలంలో ఆయన గ్రంథాలయం జప్తయి, తరువాత తిరిగి దక్కింది. సుమారు 873లో ఆయన మరణించారు. ఆ రచన ప్రతి 20వ శతాబ్దంలో ఇస్తాంబుల్‌లో వెలుగు చూసింది.

తాళం తెరుచుకొనే మార్గం ఎరిగినవాడే గట్టి తాళం చేయగలడు. విద్యార్థులు ఈ సత్యాన్ని గ్రహింతురు గాక!