సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళిన సుందరయ్య గారు

ఈసారి మన గోడపత్రికకు నేను పుచ్చలపల్లి సుందరయ్య గారి జీవితం రాస్తున్నాను. గొప్పవాళ్ళు ఎంతోమంది ఉండగా ఆయన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఆయన వాహనం సైకిలు. రాజోలు లంకల్లో మా ఇంటి వాహనం కూడా అదే.

సుందరయ్య గారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పేరు చివర కులం ఎందుకని ఆయనే తీసేశారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. చదువు వదిలి ఉద్యమంలో దిగి జైలుకెళ్ళారు. అప్పటికి ఆయనకు 17 ఏళ్ళు, అంటే మన ఇంటర్ అన్నయ్యల వయసు! తర్వాత సొంత ఊళ్ళోనే అంటరానితనానికి ఎదురు తిరిగారు. వ్యవసాయ కూలీలను సంఘంగా కూర్చారు. 1943లో లీల గారిని పెళ్ళి చేసుకున్నారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. 1946 నుంచి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఆయనొకరు.

1952లో రాజ్యసభకు వెళ్ళారు. ఢిల్లీలో కార్ల మధ్యన ఈయన సైకిలు తొక్కుకుంటూ పార్లమెంటుకు వెళ్ళేవారు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. ఇది మన పి.గన్నవరం కాదండోయ్, కృష్ణా జిల్లా గన్నవరం. శాసనసభకు కూడా సైకిలు మీదే వెళ్ళేవారు. 1985 మే 19న కన్నుమూశారు.

ఇది చదివాక నాకు మా నాన్న సైకిలు మీద గౌరవం పెరిగింది. నాన్న దాని మీద కొబ్బరికాయల బస్తాలు కట్టుకుని అంబాజీపేట వెళ్తాడు. ఎంపీ గారు ఎక్కినా, కాయల బస్తా ఎక్కినా బరువు మోసేది హబ్బులో ఉన్న చిన్న చిన్న బాల్సే. మామూలు నల్ల సైకిలుకు ముందు చక్రంలో పక్కకు 10, వెనక చక్రంలో పక్కకు 9 ఉంటాయి. వెనకవి పావంగుళం లావు, ముందువి ఇంకా చిన్నవి. కాలవ గట్ల దుమ్ము, వానాకాలం బురద లోపలికి పోతే గ్రీజు నల్లబడి కరకరమని చప్పుడొస్తుంది. అలాగే తొక్కితే కప్పులు, కోన్లు గుంటలు పడి హబ్బే మార్చాల్సి వస్తుంది. ఆ రోజుకి కూలీ పోయినట్టే.

అందుకే ఏటా వానలు వెలిశాక ఇంట్లోనే ఓవరాయిలింగ్ చేస్తాం. కింద పాతగుడ్డ పరిచి, చక్రం ఊడదీసి, ఒక పక్క నట్టు, కోను విప్పుతాం. బాల్సు దొర్లిపోకుండా లెక్కపెట్టి గిన్నెలో వేస్తాం. అన్నీ కిరసనాయిలుతో కడిగి ఆరబెడతాం. బాల్సు అరిగితే రెండో మూడో కాదు, ఆ హబ్బువన్నీ మార్చాలి. కొత్తవీ పాతవీ కలిస్తే బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. కప్పు నిండా గ్రీజు పెట్టి బాల్సు అందులో గుచ్చితే పడిపోవు. ఇరుసు దూర్చి కోనును చేత్తో ఆనేదాకా తిప్పి, కొంచెం వెనక్కి వదలాలి. తర్వాత కోను కదలకుండా పల్చటి స్పానరుతో పట్టుకుని నట్టు బిగించాలి.

బిగింపు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? చక్రం ఎత్తిపట్టి వదిలితే బరువున్న పక్క దానంతటదే కిందికి రావాలి. రిమ్ము పట్టుకుని పక్కలకు ఊపితే ఆట ఉండకూడదు. మరీ బిగిస్తే బాల్సు నలుగుతాయి. వదులైతే కప్పు పగులుతుంది.

మిత్రులారా, సుందరయ్య గారు పదవి వచ్చినా సైకిలు దిగలేదు. మనలో చాలామందికి బడికి, సంతకి, ఆస్పత్రికి సైకిలే దిక్కు. దాన్ని బాగుచేసుకోవడం ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ నేర్చుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.