బడిలోకి అచ్చుయంత్రం తెచ్చిన ఉపాధ్యాయుడు: సెలెస్టిన్ ఫ్రెనే

ఫ్రాన్స్ దేశపు ఆగ్నేయ మూలన, కొండల నడుమ గార్ అనే చిన్న పల్లె ఉంది. 1896 అక్టోబరు 15న సెలెస్టిన్ ఫ్రెనే అక్కడ ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. గొర్రెల మందలు, పొలం పనుల మధ్య పెరిగాడు. ఉపాధ్యాయుడు కావాలని నీస్ నగరంలోని శిక్షణ కళాశాలలో చేరాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో ప్రభుత్వం ఆయనను సైన్యంలోకి పిలిచింది. 1917 అక్టోబరులో యుద్ధభూమిలో తూటా తగిలి ఊపిరితిత్తి దెబ్బతిన్నది. ప్రాణం దక్కింది కాని పూర్వపు ఆరోగ్యం తిరిగి రాలేదు.

1920లో బార్-సుర్-లూ అనే గ్రామంలో ఆయనకు చిన్నపిల్లల తరగతి అప్పగించారు. గాయం వల్ల గట్టిగా, ఎక్కువసేపు మాట్లాడలేకపోయేవాడు. ఆయన కొత్త పద్ధతి కనిపెట్టడానికి ఈ ఆయాసమే కారణమని చాలామంది రాస్తారు. అది సగం నిజమే. ఆ రోజుల్లో ఆయన విద్యావేత్తల గ్రంథాలు శ్రద్ధగా చదివాడు, 1922లో జర్మనీ వెళ్లి హాంబర్గ్ నగరంలోని పాఠశాలలను చూసి వచ్చాడు. ఊపిరి చాలని ఉపాధ్యాయులు ఆ యుద్ధం తరువాత ఎందరో ఉండి ఉంటారు. వారందరూ ఫ్రెనేలు కాలేదు.

ఆయన ముందుగా చేసిన పని పిల్లలను బడి బయటికి తీసుకుపోవడం. పొలాలు, చెట్లు, ఊళ్లో చేతిపనుల వాళ్లు, ఇవన్నీ చూసి వచ్చి, చూసినదాన్ని పిల్లలు తమ మాటల్లో చెప్పేవారు. ఆయన నల్లబల్ల మీద రాసేవాడు. ఒకసారి పిల్లలు నత్తలను పట్టుకొచ్చి పందెం పెట్టారు. ఆ ముచ్చట నల్లబల్ల మీద పాఠమైంది. పాఠ్యపుస్తకం ముందు ఆవులించే పిల్లలే ఈ నాలుగు వాక్యాలను ఉత్సాహంగా చదివారు.

అయితే ఒక చిక్కు ఉంది. సాయంత్రానికి నల్లబల్ల తుడవక తప్పదు. పిల్లల మాట చెరిగిపోతుంది, అచ్చులో ఉన్న పాఠ్యపుస్తకం మాత్రం మిగులుతుంది. ఈ తేడాను తొలగించాలని ఆయన 1924లో ఒక చిన్న అచ్చుయంత్రం కొని తరగతిలో పెట్టాడు.

ఆ తరగతి నడిచిన తీరు తెలుసుకోదగ్గది. పిల్లలు తమకు తోచిన సంగతి రాసి చదివి వినిపిస్తారు. ఏది అచ్చు వేయాలో అందరూ చేతులెత్తి నిర్ణయిస్తారు. ఎంపికైన రచనను నల్లబల్ల మీదికి ఎక్కించి తరగతి అంతా కలిసి దిద్దుతుంది. ఈ మాట ఇక్కడ సరిపోయిందా, ఈ వాక్యం తెగిందా, ఈ అక్షరం సరైనదేనా అని చర్చిస్తారు. వ్యాకరణం నేర్చుకొనేది అక్కడే. తరువాత పిల్లలు పంక్తులు పంచుకొని సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేరుస్తారు. ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కాబట్టి ప్రతిదాన్నీ పరిశీలనగా చూడాలి. ఒక్క అక్షరం తప్పు పడితే ప్రతి కాగితం మీదా అదే తప్పు పడుతుంది. అందువల్ల వర్ణక్రమ దోషం ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దే విషయంగా ఉండక, తమ పని చెడిపోయే విషయంగా పిల్లలకు అర్థమైంది.

అచ్చయిన కాగితాలు ఎక్కడికి పోయేవి? ఒక ప్రతి పిల్లవాడి సొంత పుస్తకంలో చేరేది. కొన్ని తల్లిదండ్రులకు అందేవి. మరికొన్ని దేశానికి మరో చివర, బ్రిటానీ సముద్రతీరంలో ఉన్న ఒక పాఠశాలకు తపాలాలో వెళ్లేవి. అక్కడ రెనె డానియెల్ అనే ఉపాధ్యాయుడు కూడా అచ్చుయంత్రం తెచ్చుకున్నాడు. కొండప్రాంతం పిల్లలకు సముద్రం సంగతులు, సముద్రతీరం పిల్లలకు కొండల సంగతులు ఇలా అందాయి. చదివేవాడు దూరాన ఉన్నాడు, మన ఊరు ఎరగడు అన్నప్పుడు రాసేవాడు ప్రతిదీ విడమరచి చెప్పవలసి వస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగండి. మీ ఊరిని ఎన్నడూ చూడని వారికి పది వాక్యాల్లో ఒక సంగతి రాసి పంపవలసి వస్తే దేన్ని ఎంచుకుంటారు? ఏ మాటలకు వివరణ ఇవ్వవలసి వస్తుంది? నోటు పుస్తకంలో రాసి చూడండి.

1926లో ఆయన ఎలీజ్ అనే ఉపాధ్యాయురాలిని వివాహం చేసుకున్నాడు. ఆమె చిత్రకారిణి. ఆ తరువాతి పనుల్లో ఆమెకు సమాన భాగముంది. 1927లో టూర్ నగరంలో అచ్చు పద్ధతి అనుసరించే ఉపాధ్యాయుల మొదటి సభ జరిగింది. వారంతా సహకార సంఘంగా ఏర్పడి యంత్రాలు, అక్షరాలు, పిల్లల పత్రిక, చిన్న చిన్న విజ్ఞాన పుస్తకాలు తామే సమకూర్చుకున్నారు. అభ్యాసకుడు తన జవాబును తానే సరిచూసుకొనే కార్డులను కూడా తయారు చేశారు. స్వయంబోధన పాఠాలు చదివే మీకు ఆ ఏర్పాటు కొత్తేమీ కాదు.

1928లో ఫ్రెనే దంపతులు సెయింట్ పాల్ గ్రామానికి మారారు. చిక్కులు అక్కడ వచ్చాయి. బడి దుస్థితిలో ఉంది, బాగుచేయమని ఆయన ఊరి పాలకులను అడుగుతుండేవాడు. అది వారికి నచ్చలేదు. ఆయన వామపక్షవాది కావడం కూడా కొందరికి కంటగింపయింది. ఒక పిల్లవాడు తనకు వచ్చిన కలను రాశాడు. ఆ కలలో ఊరి మేయరు చంపబడతాడు. అది అచ్చయింది. 1932 డిసెంబరులో ఆ రచనను గోడపత్రికల మీదికెక్కించి, ఈ పంతులు పిల్లలను చెడగొడుతున్నాడని ప్రచారం చేశారు. రాజధాని పత్రికలు అందుకున్నాయి. కొందరు తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు, మరికొందరు ఆయన పక్షాన నిలిచారు. 1933లో ప్రభుత్వం ఆయనను అక్కడినుంచి బదిలీ చేసింది. కల రాసిన పిల్లవాణ్ణి తప్పుపట్టి తాను తప్పుకోవడం ఆయనకు సులువే. ఆ పని చేయక ప్రభుత్వ బడినే వదులుకున్నాడు.

1935లో వాన్స్ పట్టణం దగ్గర ఆయన సొంత పాఠశాల తెరిచాడు. స్పెయిన్ అంతర్యుద్ధం వల్ల నిరాశ్రయులైన పిల్లలకు అక్కడ చోటు దొరికింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940 మార్చిలో ఆయనను అరెస్టు చేసి నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. ఆరోగ్యం క్షీణించినా అక్కడే రచనలు సాగించాడు. 1941లో విడుదలై, తరువాత ప్రతిఘటన ఉద్యమంలో పాల్గొన్నాడు. యుద్ధం ముగిశాక వాన్స్ పాఠశాల మళ్లీ తెరుచుకుంది. 1949లో ఆయన జీవితం ఆధారంగా ఫ్రాన్స్‌లో ఒక చలనచిత్రం వచ్చింది.

అచ్చుయంత్రం ఒక్కటే చాలునని ఆయన అనుయాయులు కూర్చోలేదు. సినిమా, రేడియో, ఆ తరువాత టేపు రికార్డరు తరగతుల్లోకి వచ్చాయి. అక్షరాలకు తోడుగా పిల్లల గొంతులు కూడా ఒక ఊరి నుంచి మరో ఊరికి తపాలాలో ప్రయాణించాయి. 1957లో వివిధ దేశాల ఫ్రెనే ఉపాధ్యాయులకు ఒక అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది.

1966 అక్టోబరు 8న ఆయన వాన్స్‌లో మరణించాడు. పుట్టిన ఊరు గార్‌లోనే ఆయనను ఖననం చేశారు. బదిలీతో ఆయనను సాగనంపిన ప్రభుత్వమే 1991లో వాన్స్ పాఠశాలను ప్రభుత్వ పాఠశాలగా స్వీకరించింది.